కాలీను వాగుకు పోయిన రోజు

మా తమ్ముడి కూతురు శ్రావ్య మోకిలలో కొత్త ఇల్లు తీసుకుంది. పాలు పొంగించిన నెల రోజులకు ఫోన్ చేసి, "అత్తమ్మా, హాల్లకు కార్పెట్ కొనాలె. నాకేం సమజైతలేదు, నువ్వు జర తోడు రా" అంది. తోడుకే కదా అని వెళ్లాను. మొయినాబాద్ రోడ్డు మీద, ఫాంహౌసుల వాళ్ల కోసం తెరిచినట్టున్న పెద్ద దుకాణం అది. దుకాణదారు పెనం మీద దోసెలు వేసినట్టు ఒకదాని మీద ఒకటి పరుస్తూ, ప్రతిదానికీ "ప్యూర్ వూల్ మేడం, హ్యాండ్ మేడ్ మేడం" అంటున్నాడు. శ్రావ్య ప్రతిదానికీ తల ఊపుతోంది. నేను చెప్పుల జత పక్కన విడిచి, వంగి, కింద ఉన్నదాని మూల ఎత్తి వెనక్కి తిప్పి చూశాను. గోటితో గీరాను. వాసన చూశాను.

"ఇది చేత్తోని ముడేసింది కాదయ్యా. ఎనక జిగురు పూసి గుడ్డ అతికిచ్చిండ్రు. ముడేసినదైతే ముందటున్న పువ్వు ఎనక గూడ కనవడాలె" అన్నాను. ఆయన నోరు తెరిచాడు. నేను ఇంకోదాని అంచు నుంచి ఒక పోగు లాగి, "అగ్గిపెట్టె ఉన్నదా?" అని అడిగేసరికి ఆ తెరిచిన నోరు మూసుకుని, "ఎందుకు మేడం?" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. శ్రావ్య నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "నువ్వు గీ పని ఎప్పుడు చేసినవు అత్తమ్మా?" అంది. నేను పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరునని తప్ప దానికి నా గురించి మరేం తెలియదు. ఆ సాయంత్రం టీ తాగుతూ దానికి చెప్పిన సంగతే ఇది.

చేవెళ్లలో మాది కిరాణా కొట్టు. బజారు వైపు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఒక ముందుగది. ఇంట్లో ఏ మూల నిలబడినా బెల్లం, ఎండుమిరప, గోనెపట్టా కలిసిన వాసన ఉండేది. సబ్బుతో ఎంత రుద్దుకున్నా అది మా ఒంటి నుంచి పోయేది కాదు. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల తుమ్మితే, అది నా తప్పే అన్నట్టు సారు నన్ను కిటికీ దగ్గరికి మార్చేవాడు. బాపు, అంటే మా నాన్న, మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే కొట్టు తెరిచి, త్రాసు పళ్లేలను ధోతి చెంగుతో తుడిచి, దేవుడికి అగరుబత్తి ముట్టించి గోనెసంచి మీద కూర్చున్నాడంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. బాపు తల్లిని మేం అవ్వ అనేవాళ్లం. అవ్వకు మడి ఎక్కువ. అమ్మ వంటింట్లో ఎటు తిరిగినా అవ్వ మడి బట్టకు తగిలేది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. "మీ అమ్మకు చెప్పు, పప్పుల ఉప్పు లేదని" అని అవ్వ నాతో అనేది. "మీ అవ్వకు చెప్పు, ఇవాళ ఏకాశి అని ఆమెనే ఎయ్యొద్దన్నదని" అని అమ్మ నాతోనే అనేది. ఆ మాటలప్పుడు ముగ్గురమూ ఒకే గదిలో ఉండేవాళ్లం.

మొయినాబాద్ అవతల ఒక తోట బంగళా ఉండేది. పట్నం డాక్టరు ఒకాయన దాన్ని అమ్మేసి వెళ్లిపోతూ సామాన్లన్నీ అమ్ముతున్నాడని తెలిసి, ఇనుప బీరువా తెస్తానని బాపు పొద్దున్నే బయల్దేరాడు. సాయంత్రం ఎడ్లబండి ఇంటి ముందు ఆగింది. బండి మీద బీరువా లేదు. పెద్ద దూలమంత పొడుగు చుట్ట ఒకటి ఉంది. "బీరువా ఏది?" అంది అమ్మ. "బీరువా ఎవలన్న కొంటరు. గిది చూడుండ్రి" అన్నాడు బాపు. ఆయన గొంతులో అంత హుషారు నేను అదే మొదటిసారి విన్నాను. బంగళాలో వంట చేసే ముసలాయన బాపును మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి కాలీను గురించి, అంటే ఈ కార్పెట్ గురించే, పాఠం చెప్పాడట. అక్కడ రెండు ఉన్నాయట, చిన్నదీ పెద్దదీ. చిన్నది మా గదికి సరిపోయేది. అయినా బండి కిరాయి రెంటికీ ఒకటే కదా అని బాపు పెద్దది తెచ్చాడు.

ఆ పాఠమంతా బాపు మాకు అప్పజెప్పాడు. వెనక్కి తిప్పి మసక మచ్చలా ఉన్న పువ్వు చూపించాడు. పోగులను వేళ్లతో విడదీసి, అడుగున పేను తలకాయంత ముడి చూపించాడు. ఆఖరుకు ఒక పోగు లాగి, అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన కమురు వస్తుందని చెప్పి అగ్గిపుల్ల గీశాడు. వచ్చింది. పూజ గదిలో ఉన్న అవ్వకు కూడా వచ్చింది. "అయ్యో, ఎవలి జుట్టు అంటుకున్నదే!" అని చెంబెడు నీళ్లతో పరుగెత్తుకొచ్చి, పొగ కనబడిన చోట, అంటే బాపు మొహాన, గుమ్మరించింది. బాపు కళ్లద్దాల నుంచి నీళ్లు కారుతుంటే కూడా, "జూసినవా, అసలుదే" అన్నాడు.

పరిచాక తెలిసింది, గది కన్నా కాలీను పొడుగు. రెండు మూరలు గోడ మీదికి పాకింది. "జర కత్తిరిస్తే?" అని అమ్మ అంటే, బాపు ఆమె కేసి చూసిన చూపుకు ఆ మాట మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గోడకు పాకిన భాగం జారకుండా బియ్యం బస్తాలు ఆనించారు. ఇక మొదలయ్యాయి మాకు కష్టాలు. దాని మీద కాలు పెట్టకూడదు. కొట్లోకి వెళ్లాలంటే గోడకు వీపు ఆనించి, వెడల్పు వైపు అంచున మిగిలిన జానెడు బండల మీద పక్కకు పక్కకు జరుగుతూ వెళ్లాలి. అమ్మ కాఫీ గ్లాసుతో అలా జరిగి వెళ్లడం చూస్తే, బావి గట్టు మీద నడుస్తున్నట్టు ఉండేది. చుట్టాలు వస్తే అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే గడప దాకా పిలిచి చూపించేవాడు బాపు. వాళ్లు చేతులు జోడించడం ఒక్కటే తక్కువ. శనివారం శనివారం దాన్ని చుట్టి, అడుగున ఎండిన వేపాకు చల్లి, మళ్లీ పరచాలి. అది మా అమ్మ పని, నా పని. అవ్వ మాత్రం, "ఉన్నికి మైల లేదు, మడికి పనికొస్తది" అని తేల్చి చెప్పి ఒక మూల ఆక్రమించింది. తల్లిని కాదనలేక, కాలీను మీద ఒక పీట, పీట మీద అవ్వ, అన్న ఒప్పందానికి వచ్చాడు బాపు. కొట్లో దులిపిన మిరపపొడి, పిండి, బజారు దుమ్ము అన్నీ వచ్చి దాని మీదే వాలేవి. చీపురు వేస్తే పోగులు లేస్తాయని చీపురు కూడా నిషేధం. బంగళాలోనే ఏళ్ల దుమ్ము పట్టి వచ్చింది కనుక, మేం చూసిన నాటి నుంచీ అది కాఫీ రంగు కాలీను. అదే దాని రంగు అనుకున్నాం.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో, బాపు సరుకులకు బేగంబజారు వెళ్లి, అటు నుంచి ఒక పెళ్లి చూసుకుని అయిదో నాటికి వస్తానని చెప్పి బస్సెక్కాడు. ఆయన లేని ఇల్లు కదా, నేను ధైర్యంగా కాలీను మధ్యలో బోర్లా పడుకుని హోంవర్కు రాశాను. కిటికీ వెలుగు అక్కడే బాగా పడేది. అదొక్కటే కారణం కాదు. అది ఎలా ఉంటుందో నాకు ఒళ్లంతా చూడాలని ఉండేది. మెత్తగా, కొంచెం గుచ్చుకుంటూ, గొర్రె పక్కన పడుకున్నట్టు ఉంది. ఆ సుఖంలో కాళ్లు ఆడించాను. సిరా బుడ్డి పడింది. కొత్త బుడ్డి.

నా కేక విని అమ్మ వంటింట్లోంచి, అవ్వ పూజగదిలోంచి వచ్చారు. కాలీను మీద నీలం మడుగు నా కళ్లముందే పెద్దదవుతోంది. అమ్మ నా వీపు మీద రెండు చరిచింది. మూడోది పడకముందే అవ్వ నన్ను వెనక్కి లాక్కుని, "పిల్లను కొడితే మరక పోతదా? పాలు పట్టుకరా" అంది. నేరుగా అమ్మతోనే అంది. అమ్మ ఒక్క క్షణం ఆగి చూసి, వెళ్లి పాలు తెచ్చింది. సిరాకు పాలు మందని అవ్వ నమ్మకం. గిన్నెడు పాలు పోసి రుద్దితే మడుగు లేత నీలంగా మారి, రెండింతలు పెద్దదయింది. "నిమ్మకాయ, అత్తమ్మా" అంది అమ్మ. అది రుద్దారు. పాలు విరిగాయి. మర్నాటికి గదంతా పుల్లటి కంపు. చీమలు గడప నుంచి బారు కట్టాయి. పక్కింటి పిల్లి వచ్చి కాలీనును నాకుతూ కూర్చుంది. అత్తాకోడళ్లు గడపలో పక్కపక్కన కూర్చుని దాన్ని చూస్తున్నారు. "మీ కొడుకు నన్ను ఇంట్ల ఉండనియ్యడు" అంది అమ్మ. "నిన్ను ఎల్లగొడితే నేను గూడ నీ ఎంబడే వస్త. నాకెవలు వండి పెడ్తరు?" అంది అవ్వ.

అదే సమయానికి, పట్నంలోది కాదు, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి నుంచి మల్లయ్య బెల్లం కోసం బండి కట్టుకుని వచ్చాడు. గొర్లు కాస్తాడు, గొంగళ్లు నేస్తాడు. ఉన్ని గురించి ఆయనకు తెలియనిది లేదని పేరు. అమ్మ లోపలికి పిలిచి చూపించింది. మల్లయ్య వంగి, మూల ఎత్తి, ఒక్క దెబ్బ కొట్టాడు. లేచిన దుమ్ముకు నలుగురమూ తుమ్మాం.

"అమ్మా, దీంట్ల మీ ఊరి బజారంత ఉన్నది" అన్నాడు. "గొర్రెను కడుగుతం గద, గట్లనే దీన్ని గూడ కడగాలె. కుంకుడుకాయలు, పారే నీళ్లు, ఎండ. అంతే."

"ఖరాబైతే?" అంది అమ్మ.

"గిప్పుడేమన్న మంచిగున్నదా?"

అమ్మ ఇంకో రెండుసార్లు తుమ్మింది. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లాలని నిర్ణయమైంది. అమ్మా నేనూ బండితో వెళ్లాలి. అవ్వకు ఉపవాసం, ఆమె ఇంట్లోనే తలుపు వేసుకుని ఉంటుంది. బజారులో బాపు స్నేహితులు కాలీనును గుర్తుపట్టకూడదని అమ్మ దాని మీద తెల్లటి దుప్పటి కప్పింది. దొర్లకుండా మల్లయ్య మూడుచోట్ల తాడుతో కట్టాడు. అమ్మ ఎవరి కంటా పడకుండా కొంగు నిండుగా కప్పుకుని తల దించుకుని కూర్చుంది. నేను భయంతో, తప్పు చేశానన్న బాధతో వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. మల్లయ్య ఎడ్ల ముందు మెల్లగా నడుస్తున్నాడు. కొట్టు మూసి ఉంది.

మేం బజారు దాటుతుంటే మనుషులు లేచి నిలబడ్డారు. కొందరు తలగుడ్డలు తీశారు. మా పక్క బట్టలకొట్టు నర్సింలు పరుగున వచ్చి, మల్లయ్య చెవిలో, "ఎటు తీస్కపోతున్నరు?" అని అడిగాడు. మల్లయ్య ఉన్నదున్నట్టు, "హిమాయత్‌నగర్ వాగుకు" అన్నాడు. నర్సింలు నోట్లో కండువా కుక్కుకున్నాడు. అమ్మ తల ఎత్తలేదు, ఎత్తితే గుట్టు బయటపడుతుందని. బండి సాగిపోయింది.

ఆ తర్వాత చేవెళ్లలో జరిగింది నేను చూడలేదు. అవ్వ బతికినన్నాళ్లూ చెప్పగా విన్నది. నర్సింలు తన కొట్టు మూసి, బజారంతా మూయించాడు. కొడుకు ఊళ్లో లేనప్పుడు ముసలమ్మ పోవడమేమిటి, కోడలు ఎవరికీ చెప్పకుండా బండి మీద వేసుకుని వాగుకు తీసుకుపోవడమేమిటి అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. హైదరాబాద్ బస్సులో వెళ్తున్న ఒకాయనతో, బేగంబజారులో మా బాపు దిగే కొట్టుకు కబురు పంపారు. ఇదంతా అయ్యాక, పదిమంది కలిసి మా అరుగు మీద విచారంగా కూర్చున్నారు. ఆ గొణుగుడు విని అవ్వ తలుపు తీసింది.

"ఏందిరా గిందరు? ఉప్పు గావాలెనా? కొట్టు బంద్ ఉన్నది" అంది.

నర్సింలు అరుగు మీద నుంచి వెనక్కి పడ్డాడు. ఆయనకు ఆ రోజే కాదు, తర్వాత చాలాకాలం అవ్వ ఎదురొస్తే ఒళ్లు జలదరించేదట. అవ్వకు సంగతి తెలిసి మొదట కోపం వచ్చింది, ఆ తర్వాత కుతూహలం వచ్చింది. "ఎవలెవలు ఏడ్చిండ్రు?" అని ఒక్కొక్కరి పేరూ కనుక్కుంది. ఏడవనివాళ్లతో ఆమె ఎన్నాళ్లో మాట్లాడలేదు. కానీ ఆ కలకలంలో బస్సు మీద పోయిన కబురును వెనక్కి తేవాలని ఎవరికీ తోచలేదు.

వాగు మడుగులో మాత్రం మాకు వేరే లోకం. కాలీను నీళ్లు తాగేకొద్దీ బరువెక్కి, మల్లయ్య, ఆయన భార్య, అమ్మ, ఇద్దరు కూలీలు కలిసి లాగినా కదల్లేదు. "నాలుగు సూడి గొర్లంత బరువున్నది" అంది మల్లయ్య భార్య. కుంకుడు నురగ పోసి కాళ్లతో తొక్కారు. నేనూ తొక్కాను. ఇంట్లో కాలు పెట్టనివ్వని దాని మీద, అక్కడ ఎగిరెగిరి తొక్కమంటున్నారు. మొదట నల్లటి నీళ్లు పోయాయి, తర్వాత పసుపు కలిసినవి, తర్వాత ఎర్ర మిరపనీళ్లు. కళ్లు మండి అందరమూ ఏడుస్తూ తొక్కాం. మధ్యాహ్నానికి నీళ్లు తేటబడ్డాయి. బండ మీదికి లాగి పరిచాక అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో మల్లయ్యా, రంగు మొత్తం పోయింది!"

రంగు పోలేదు, వచ్చింది. కాఫీ రంగు కింద దానిమ్మ గింజల ఎరుపు ఉంది. మేం మచ్చలనుకున్నవి పిట్టలు. వరసకు ఆరు చొప్పున, ఒక్కోటి తల వెనక్కి తిప్పి తన రెక్క తానే చూసుకుంటోంది. ఎవరో ఒక మనిషి, ఏ ఊళ్లోనో కూర్చుని, ఒక్కో ముడీ వేసి చేసిన పిట్టలు. అవి మా ఇంట్లో ఇన్నేళ్లు దుమ్ము కింద పడి ఉన్నాయి. ఒక పిట్ట రెక్క మాత్రం నీలంగా మిగిలింది. ఆ రోజు మిగిలినంతా, ఆ రాత్రి మల్లయ్య ఇంట్లో పడుకున్నాక కూడా, అమ్మ ఆ నీలం రెక్క గురించే దిగులుపడింది.

మర్నాడు పొద్దున బాపు చేవెళ్లలో బస్సు దిగాడు. చేతిలో పూలదండలు, చంకలో తెల్లబట్ట, చొక్కా గుండీలు ఒకటి పెట్టి ఒకటి మరచి. అవ్వ అరుగు మీద చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"దండలు ఎవలకురా?" అంది.

బాపు దండలు వదిలేసి అవ్వ ఒళ్లో తల పెట్టి, నడిబజారులో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. చేటలో బియ్యమన్నీ నేలపాలయ్యాయి. అవ్వకు ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఎప్పుడూ నవ్వు వచ్చేది కాదు. చాలాసేపటికి బాపు తల ఎత్తి, "మరి బండి మీద పోయింది ఎవలు?" అని అడిగాడు. "నీ కాలీను" అంది అవ్వ.

మధ్యాహ్నం వాగు గట్టు మీద బాపు కనబడగానే నేను మల్లయ్య భార్య వెనక దాక్కున్నాను. అమ్మ చేతిలో మేకలను అదిలించే కట్టె ఉంది. ఆ కట్టె పట్టుకునే నిలబడింది. బాపు బండ దగ్గరికి వచ్చి, ఎర్రగా పరిచి ఉన్నదాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "గిది మనదేనా?" అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆయన చెప్పులు విడిచి, ఒక్క అడుగు వెయ్యబోయి ఆగిపోయాడు. మల్లయ్య నవ్వాడు. "తొక్కు సేటూ. ఉన్ని కాళ్ల కింద ఉంటెనే మంచిగుంటది. ముట్టకుండ పెడితే పురుగు తింటది." బాపు నడిచాడు. మధ్యలో నీలం రెక్క దగ్గర ఆగాడు. నేను మల్లయ్య భార్య కొంగు గట్టిగా పట్టుకున్నాను.

"గీ పిట్ట ఒక్కటి నీలముందేంది?"

"అది ముందు నుంచే గట్లున్నది" అంది అమ్మ, కళ్లార్పకుండా.

బాపు అమ్మ కేసి చూశాడు, మల్లయ్య భార్య చాటున ఉన్న నా కేసి చూశాడు, నా వేళ్లకు ఇంకా వదలని సిరా కేసి చూశాడు. "ఉన్నదేమో. నేనే సరిగ్గ చూడలే" అన్నాడు. తల్లి బతికే ఉందన్న మత్తు ఇంకా ఆయనకు దిగలేదు. ఆ రోజు మేం కొట్టు తగలబెట్టి వచ్చామన్నా ఆయన సరే అనేవాడు. అక్కడే, తడి ఆరని కాలీను మీద బాపు, అమ్మ, నేను కూర్చుని మల్లయ్య భార్య ఇచ్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నాం. బాపూ అమ్మా పక్కపక్కన కూర్చుని తినడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత ఆ కాలీను మా ఇంట్లో చాలా ఏళ్లు బతికింది. దాని మీద మేం నడిచాం, నిద్రపోయాం, పచ్చీసు ఆడాం, ఆ తర్వాత పుట్టిన తమ్ముడు దాని మీదే పాకడం నేర్చాడు. అవ్వ పీట తీసేసింది. ఏటా శివరాత్రి అయ్యాక అది వాగుకు వెళ్లి వచ్చేది. కాకపోతే దుప్పటి కప్పేవాళ్లం కాదు. అరిగి అరిగి, పిట్టలు ఒక్కొక్కటే ఎగిరిపోయినట్టు మాయమై, చివరకు తాడూ పోగూ మిగిలాయి. దాచి ఉంచితే ఇంకా ఉండేదేమో అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇంతా విని శ్రావ్య మర్నాడు మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి, అసలైన ముడులదే చిన్నది ఒకటి తెచ్చుకుంది, గదికి సరిపోయేది. దాంతోపాటు ఒక అట్ట ఇచ్చారు, నిండా జాగ్రత్తలు. నీళ్లు తగలొద్దు, ఎండ తగలొద్దు, ఇంట్లో తిరుగుతూ తానే ఊడ్చే ఆ గుండ్రటి మిషను తగలొద్దు. నేను భోజనానికి వెళ్లేసరికి మొగుడూ పెళ్లాలూ సోఫా మీద కాళ్లు పైకి ముడుచుకుని, వరదలో చిక్కిన వాళ్లలా కూర్చున్నారు. కంచాలు చేతుల్లో ఉన్నాయి. "కాళ్లకు దుమ్ముంటది గద అత్తమ్మా" అంది శ్రావ్య. వాళ్ల ఇంట్లో నేల నా కంచం కన్నా శుభ్రంగా ఉంది. మాకు ఆ రోజుల్లో ఒక్కటే మంచి వస్తువు ఉండేది కనుక దానికి భయపడ్డాం. వీళ్లకు అన్నీ మంచి వస్తువులే, కూర్చోవడానికే చోటు లేదు.

నేను వెళ్లి కాలీను నడిమధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "ఇక్కడికే పట్టుక రా అన్నం" అన్నాను. శ్రావ్య దిగింది. కాసేపటికి అల్లుడు కూడా దిగి, పప్పుగిన్నెను రెండు చేతులతో జాగ్రత్తగా నడుమ పెట్టాడు. ముగ్గురమూ తిన్నాం. మాట్లాడుకుంటూ చేతులు ఎండిపోయేదాకా కూర్చున్నాం. అంతా బాగానే ఉంది కానీ, కూర్చున్నంత తేలిగ్గా నేను లేవలేకపోయాను. మోకాళ్లు పట్టేశాయి. చెరో రెక్కా పట్టుకుని వాళ్లు లాగుతుంటే నాకు నవ్వు ఆగక ఇంకాస్త బరువయ్యాను. చివరకు వాళ్లు కూడా పట్టు వదిలేసి, నా పక్కనే చతికిలబడి నవ్వుతూ ఉండిపోయారు.